దేహసాధన: దాని క్రమము, దానికి తగిన తిండి

ప్రతి సంవత్సరమును సంక్రాంతి సెలవులు ముగిసి పాఠశాల తెరచిన వెంటనే మైదానములో నొక సందడి బయలుదేరును. క్రీడాదినోత్సవమునకు మూడు వారములే యున్నవని తెలిసికొనిన బాలురు, అంతవరకు పరుగు మాటయే తలపెట్టనివారు, ఒక్కసారిగా ఉదయమున పది చుట్లు, సాయంకాలమున పది చుట్లు పరుగెత్త మొదలిడుదురు. మొదటి దినమున ఉత్సాహము. రెండవ దినమున పిక్కల నొప్పి. నాలుగవ దినమున కుంటినడక. ఆఱవ దినమున మైదానము ఖాళీ. వీరిలో పలువురు ఉదయమున నేమియు తినక వచ్చువారు. తలిదండ్రులు కూలికై బెంగుళూరు పోగా అవ్వతాతల యొద్ద నుండి చదువుకొను బిడ్డలు మన ప్రాంతమున తక్కువమంది గారు. వారికి ప్రొద్దుట సద్దియైనను పెట్టువారు ఒక్కొక్కనాడు ఉండరు.

మరికొందరు బాలురు వేరొక త్రోవ పట్టినారు. కదిరిలోనో హిందూపురములోనో అంగళ్లలో అమ్ము మాంసకృత్తుల పొడి డబ్బాను కొని యిమ్మని తండ్రులను పీడించుచున్నారు. ఆ డబ్బా వేలరూపాయల వెలగలది. చెనక్కాయ పంట యెండిన యేటనే అట్టి డబ్బా కొనుటకు చేబదులు తెచ్చిన తండ్రి నొకరిని మేమెరుగుదుము. ఆ సొమ్ముతో ఆ యింటిల్లిపాదికిని కొన్ని మాసములు పప్పును గ్రుడ్లును వచ్చియుండును.

ఆకలికడుపుతో పరుగెత్తుటకును, డబ్బాను నమ్ముకొనుటకును మూలమొక్కటియే. శరీరము ఏ విధమున బలపడునో తెలియకుండుట. కావున విద్యార్థులకును, వారి తలిదండ్రులకును పనికివచ్చునని తలచి యీ విషయమును కొంత విపులముగా వ్రాయుచున్నాము.

కండరము పనిచేయుటకు శక్తి యెక్కడినుండి వచ్చుచున్నది? ఈ ప్రశ్నకు సమాధానము వెదకిన మహాశాస్త్రజ్ఞులలో మన తెలుగువారొకరు గలరు. వారు యల్లాప్రగడ సుబ్బారావుగారు. 1895లో భీమవరమున జన్మించిరి. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పి మూడవమారు గట్టెక్కిరి (పరీక్ష తప్పి కంటనీరు పెట్టుకొను మా విద్యార్థులు దీనిని గమనింతురు గాక). మదరాసు వైద్యకళాశాలలో చదివి, అమెరికా చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫిస్కే యను ఆచార్యునితో గూడి పనిచేసిరి. రక్తములోను కండరములోను గల భాస్వరమును కొలుచుటకు వారిద్దరును 1925లో ప్రకటించిన పద్ధతి, వారి పేర్లతోనే ప్రయోగశాలలలో ప్రసిద్ధమైనది. ఆ కొలత చేతికి వచ్చిన పిమ్మట 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును కండరములో కనుగొనిరి. 1929లో ఏ.టి.పి. అను మరియొక పదార్థమును జర్మనీలో లోమన్ అను శాస్త్రజ్ఞుడును, హార్వర్డులో వీరును వేర్వేరుగా బయటపెట్టిరి.

ఈ పేర్లు విని బాలురు భయపడనక్కరలేదు. మన యింటి లెక్కతో పోల్చి చెప్పెదము. ఏ.టి.పి. అనునది చేతిలోని చిల్లర. కండరము ఏ పని చేసినను ఈ చిల్లరతోనే వెల చెల్లింపవలెను. వేరు నాణెము చెల్లదు. కాని యది రెండుమూడు సెకనులకు మించి చాలదు. ఫాస్ఫోక్రియాటిన్ అనునది మొలలో దోపుకొనిన సంచి. చిల్లర యైపోయిన తక్షణమే దానినుండి తీసికొనవచ్చును; అదియు సుమారు పది సెకనులలో తరిగిపోవును. అటుపిమ్మట ఇంటి గాదెలోని ధాన్యము అమ్మి చిల్లర తేవలెను. మనము తిన్న సంగటియు అన్నమును గ్లైకోజెన్ అను రూపమున కండరములలోను కార్జములోను నిలువయుండును. అదియే ఆ గాదె. తొందరపడి అమ్మినచో కొద్దిపాటి ధరయే వచ్చును, అనగా ప్రాణవాయువు చాలినంత అందకయే చక్కెరను విరిచినప్పుడు స్వల్పశక్తి మాత్రమే లభించును, కాళ్లు మండును. నిదానముగా, ఊపిరి చక్కగా ఆడుచుండగా అమ్మినచో ఎన్నోరెట్లు ధర పలుకును. ఇక శరీరములోని క్రొవ్వు దూరముననున్న పొలము వంటిది. అందు సంపద మెండు. కాని ఇంటికి చేర్చుటకు కాలము పట్టును.

ఇంతమాత్రము తెలిసినచో సాధనలోని చిక్కులు సగము విడిపోవును. నూరు మీటర్ల పందెమువాడు మొలసంచి మీద ఆధారపడువాడు. పదునైదువందల మీటర్లవాడు గాదె మీదను ఊపిరి మీదను ఆధారపడువాడు. ఇద్దరును ఒకే విధముగా పది చుట్లు తిరిగిన ప్రయోజనమేమి? నూరు మీటర్లవాడు ఒక్కమారు తీవ్రముగా పరుగెత్తిన తరువాత ఆ సంచి తిరిగి నిండుటకు మూడు నిమిషములు మొదలు ఐదు నిమిషముల వరకు పట్టును. అంతవరకు నడచుచు నుండవలెను. నిలువక వెంటవెంటనే పరుగెత్తువాడు వేగమును నేర్చుకొనుట లేదు, అలసటను నేర్చుకొనుచున్నాడు. పరగడుపున దూరపు పరుగునకు దిగినవాడు వట్టిగాదెతో సంతకు పోయినవాడు.

మరియొక సంగతి. సాధన చేయుచున్నప్పుడు బలము పెరుగదు, అప్పుడు తరుగును. కండరపు నూలుపోగులు కొంత చెడును, గాదె ఖాళీయగును. తరువాత తిండియు నిద్రయు లభించినప్పుడు దేహము చెడినదానిని బాగుచేసికొని, మరల అట్టి కష్టము వచ్చునేమో యని మునుపటికన్న కొంచెము గట్టిగా కట్టుకొనును. ఈ "కొంచెము" అను మాటలోనే సాధనయంతయు నున్నది. కష్టము కొంచెము పెరుగవలెను, విశ్రాంతి దొరకవలెను, మరల కొంచెము పెరుగవలెను.

క్రీస్తుపూర్వము ఆఱవ శతాబ్దమున క్రోటను నగరమున మైలో యను మల్లుడుండెను. అతడు ఒక దూడను ప్రతిదినమును భుజములపై మోయుచు, అది పెరిగిన కొలదిని తానును బలము పెంచుకొని, తుదకు ఎద్దునే మోసెనని కథ. కథ మాట యెట్లున్నను దాని యందలి సూత్రము నిజము. మన దేశమున 1882లో వీరఘట్టమున జన్మించిన కోడి రామమూర్తినాయుడుగారిని గూర్చి పెద్దలు చెప్పగా మీరు వినియుందురు. రొమ్ముపై ఏనుగు నెక్కించుకొనెననియు, ఇనుపగొలుసులు త్రెంచెననియు అందరును చెప్పుదురు. ఆయన మదరాసు సైదాపేటలో వ్యాయామశిక్షణము పొంది, విజయనగరమున కొంతకాలము వ్యాయామోపాధ్యాయుడుగా నుండెనని చెప్పువారు తక్కువ. ఏనుగునకు ముందు తాలింఖానాలో ఎన్ని యేండ్ల దండీలును బస్కీలును నడచినవో ఎవ్వరును లెక్కింపరు. ఆయన శాకాహారి యను సంగతిని కూడ డబ్బా కోరు బాలురు జ్ఞాపకముంచుకొనవచ్చును.

ఇక సాధనక్రమము. 1920లో హెచ్. సి. బక్ గారు మదరాసున వై.ఎం.సి.ఏ. వ్యాయామకళాశాలను స్థాపించినది మొదలు, మన దక్షిణదేశపు పాఠశాలలలో వ్యాయామము ఒక పాఠ్యవిషయమై నెలకొన్నది. పాఠ్యవిషయమన్న తరువాత దానికి పాఠ్యప్రణాళిక యుండవలెను గదా. గణితమును పరీక్షకు మూడు వారముల ముందు ప్రారంభించువాని నేమందుమో, పరుగును అట్లు ప్రారంభించువానిని అదియే యనవలెను.

మేము సూచించు కాలము పండ్రెండు వారములు. నవంబరు మొదటివారమున ప్రారంభించినచో జనవరి చివరకు ముగియును. సోమ, బుధ, శుక్రవారములు పరుగునకు, మంగళ, గురువారములు దండీలు, బస్కీలు, త్రాడాట మొదలైన బలసాధనకు, శనివారము చెడుగుడో ఖోఖోయో ఏదేని ఆటకు, ఆదివారము విశ్రాంతి. మొదటి వారమున ఒక నిమిషము మెల్లని పరుగు, రెండు నిమిషముల నడక, ఇట్లు ఏడు మారులు. రెండవ వారమున రెండు నిమిషముల పరుగు, రెండు నిమిషముల నడక, ఐదు మారులు. ఇట్లు పరుగు పెరుగుచు నడక తరుగుచు పోయి, ఏడవ వారమునాటికి ఇరువది నిమిషములు ఆగక పరుగెత్తగలిగిన చాలును. వేగమెంత యని యడుగుదురు. ప్రక్కవానితో మాటలాడుచు పోగలిగిన వేగము. మాటకు ఊపిరి చాలకున్నచో వేగము తగ్గింపవలెను. పాట పాడగలిగినచో కొంచెము పెంపవచ్చును. దీనికి గడియారమైనను అక్కరలేదు.

ప్రతి నాలుగవ వారమును తేలిక వారము. ఆ వారమున చేయు పని యంతకు ముందు వారపు పనిలో సగము. నాలుగవ వారము, ఎనిమిదవ వారము, పండ్రెండవ వారము అట్లుండవలెను. ఎనిమిదవ వారము సరిగా క్రిస్మసు పండుగకు వచ్చుచున్నది గనుక ఈ నియమమును పాటించుట మా విద్యార్థులకు మిక్కిలి సులభమని మా నమ్మకము. పండ్రెండవది పందెముల వారము. అప్పుడు క్రొత్త బలము రాదు, ఉన్న బలమును విశ్రాంతిచే బయటికి తెచ్చుకొనుటయే.

ఐదవ వారము నుండి పందెములను బట్టి దారులు వేరగును. పొట్టిపందెములవారు వారమునకు రెండుదినములు అఱువది మీటర్ల తీవ్రమగు పరుగు ఆఱు మారులు చేయుదురు. నడుమ మూడు నిమిషముల విరామము తప్పదు. నిడుపుపందెములవారు వారమునకొక దినము నాలుగువందల మీటర్లు కొంత గట్టిగా పరుగెత్తి, అంతే కాలము మెల్లగా నడచి, నాలుగు మారులు చేయుదురు. దండీలలో మొదటి దినమున సరియైన తీరున ఎన్ని తీయగలరో లెక్కించుకొని, అందు సగముతో ప్రారంభించి వారమునకు ఒకటి రెండు చొప్పున హెచ్చింపవలెను. నడుము క్రుంగిన దండీని లెక్కింపరాదు. ఇది మా వ్యాయామోపాధ్యాయునికిని విద్యార్థులకును నిత్యము నడచు వాదము. ఇందు మేము ఉపాధ్యాయుని పక్షమున నున్నాము.

ఐదేండ్లు మొదలు పదునేడేండ్ల వరకు గల పిల్లలు దినమునకు సగటున అఱువది నిమిషములైనను ఊపిరి వేగించునట్టి పని చేయవలెనని ప్రపంచారోగ్యసంస్థ 2020లో ప్రకటించిన సూత్రములలో నున్నది. పట్టణపు పిల్లలకు ఇది పెద్ద మాట. ఊరినుండి పాఠశాలకు గంటసేపు గబగబ నడచి వచ్చిపోవు బాలుడు, ఇంటికి పోయి గొఱ్ఱెలను తోలుకొని పోవు బాలుడు, బోరింగు నుండి బిందెలతో నీళ్లు మోయు బాలిక ఆ అఱువది నిమిషములను మనము చెప్పకయే పూర్తిచేసిరి. అట్టివారికి మరియు చుట్లు చెప్పుట సాధన గాదు, శిక్ష. వారికి కావలసినవి వేగము, నేర్పు, విశ్రాంతి, అన్నిటికన్న ముఖ్యముగా తిండి. పెద్దపెద్ద యూళ్లవారు వ్రాసిన ప్రణాళికలను యథాతథముగా మన మైదానమునకు తెచ్చిన లాభము లేదు.

నిద్ర మేలుకొన్న వెంటనే, మంచము దిగక మునుపు, మణికట్టు నాడిని నిండు నిమిషము లెక్కించి వ్రాసికొనుట మంచి యలవాటు. వారము దినములలో ఎవరి సంఖ్య వారికి తెలియును. ఒకనాడు అది మామూలుకన్న ఎనిమిది పది హెచ్చుగా నున్నచో, రాత్రి నిద్ర చాలలేదనియో, జ్వరము పొంచియున్నదనియో, సాధన మితిమీరినదనియో గ్రహించి ఆ దినము నడకతో సరిపెట్టుకొనవలెను.

ఎండను గూర్చి మన సీమవారికి వేరుగ చెప్పనక్కరలేదనుకొందురు గాని, చెప్పవలసియే యున్నది. ఫిబ్రవరి దాటిన తరువాత ఉదయము ఎనిమిది గంటల లోపలను, సాయంకాలము ఐదు గంటల తరువాతను మాత్రమే సాధన చేయవలెను. క్రొత్త వేడికి దేహము అలవాటుపడుటకు పది మొదలు పదునాలుగు దినములు పట్టును. దప్పిక యగువరకు ఆగక పదునైదు ఇరువది నిమిషముల కొకమారు కొన్ని గ్రుక్కల నీరు త్రాగవలెను. గంటకు మించిన సాధనయైనచో ఉప్పు వేసిన పలుచని మజ్జిగయో, నిమ్మరసములో చక్కెరయు చిటికెడు ఉప్పును కలిపినదియో మేలు. సీసాలలో అమ్ము రంగునీళ్లలోనున్న ముఖ్యవస్తువులు ఇవియే. ఎండలో నున్నవాడు తడబడి మాటలాడినను, స్పృహ తప్పినను, అది వడదెబ్బ. నీడకు చేర్చి, దేహమంతయు నీళ్లతో తడిపి విసరుచు 108 వాహనమును పిలువవలెను. స్పృహ లేనివాని నోట నీళ్లు పోయరాదు.

ఇప్పుడు తిండి మాట. తిండిని పరీక్షించి చూచుట యను ఆలోచన మిక్కిలి పురాతనమైనది. దానియేలు గ్రంథపు మొదటి యధ్యాయమున, రాజభోజనమును మానిన నలుగురు బాలురను పది దినములు శాకములతోను నీళ్లతోను పోషించి, తక్కినవారితో పోల్చి చూచిన వృత్తాంతము ఆదివారపు బడిలో చదివిన పిల్లలకెల్ల తెలియును. ఇరువదవ శతాబ్దమున రాబర్టు మెక్కారిసన్ గారు నీలగిరులలోని కూనూరున 1918లో చిన్న పరిశోధనాలయమును ప్రారంభించి, మన దేశమున ఆయా ప్రాంతములవారు తిను భోజనములను ఎలుకల గుంపులకు వేర్వేరుగా పెట్టి చూచిరి. గోధుమరొట్టె, పాలు, పప్పు, కూరగాయలు గల పంజాబు సిక్కుల భోజనమున పెరిగినవి పుష్టిగా నుండెను. మరపట్టిన తెల్లబియ్యమే ప్రధానముగాగల మదరాసు, బంగాళము భోజనములతో పెరిగినవి కృశించెను. ఆ పరిశోధనాలయమే 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు వహించినది.

మెక్కారిసన్ గారి ఎలుకల మాట విని మేము రొట్టెల ప్రాంతమునకు వలసపోవలెనని చెప్పుట లేదు. మన తాతల తిండిని మనమే వదలుకొంటిమని చెప్పుచున్నాము. గాండ్లపెంట చుట్టుపట్ల మొన్నటి తరమువారు రాగిసంగటి, కొఱ్ఱన్నము, జొన్నరొట్టె తినుచుండిరి; ఉలవలు, అలసందలు, అనుములు గుగ్గిళ్లుగా వండుకొనుచుండిరి. నేడు రెండుపూటల తెల్లన్నము, పలుచని చారు పెద్దమనుష్యుల తిండియని పేరుపడినది. నూరు గ్రాముల రాగులలో కాల్షియము సుమారు 350 మిల్లీగ్రాములు. అంతే తూకపు ఆవుపాలలో సుమారు 120. పెరుగు ఎముకలకు ఇంతకన్న ఏమి కావలెను? మన రాష్ట్రప్రభుత్వము 2023లో బడిపిల్లలకు బెల్లము కలిపిన రాగిజావను ఏర్పాటు చేసినప్పుడు కొందరు పిల్లలు ముఖము త్రిప్పుకొనిరని వింటిమి. అవ్వలు నవ్వుకొనియుందురు.

మన యూరి పేరులోనే గాండ్లవారు గలరు. గానుగ త్రిప్పి నూనె తీయువారికి ఆ పేరు. చెనక్కాయలు పండించు నేల మనది. కాని పండిన కాయ సంతకు పోవును, నూనె మిల్లునకు పోవును, పిల్లవాని జేబులోనికి మాత్రము రాదు. నూరు గ్రాముల చెనగవిత్తనములలో మాంసకృత్తులు సుమారు 24 గ్రాములు గలవు. ఊరిబిండి నూరుకొని సంగటిముద్దతో తినువాడు ఏ శాస్త్రజ్ఞుని సలహాయు లేకయే సరియైన పని చేయుచున్నాడు. మైసూరులోని కేంద్ర ఆహార పరిశోధనాలయమువారు నూనె తీసిన వేరుసెనగ పిండిని సెనగపిండితో కలిపి పుష్టికరమగు ఆహారమును తయారుచేసిరి. ఒక హెచ్చరిక మాత్రము చేయవలెను. వానకు తడిసి బూజుపట్టిన కాయలలోను, నల్లబడి ముడుతలుపడిన విత్తనములలోను అఫ్లటాక్సిన్ అను విషము చేరును. అది కార్జమును చెఱచును. వేయించినను పూర్తిగా పోదు. అట్టి విత్తనములను ఏరి పారవేయవలెనే గాని, చౌక యని పిల్లలకు పెట్టరాదు.

డబ్బా లేకున్న చాలునా యను సందేహమును లెక్కవేసి తీర్చెదము. సామాన్యముగా పెద్దవారికి దేహపు బరువులో కిలోగ్రామునకు దినమునకు 0.83 గ్రాముల మాంసకృత్తులు చాలునని 2020లో హైదరాబాదు సంస్థవారు నిర్ణయించిరి. గట్టిగా సాధన చేయువారికి 1.2 మొదలు 2 గ్రాముల వరకు కావలెనందురు. 45 కిలోల బాలుడు 1.4 చొప్పున లెక్కించుకొన్నచో 63 గ్రాములు కావలెను. దినమంతటికి 150 గ్రాముల రాగిపిండిలో 11, 200 గ్రాముల బియ్యములో 16, 60 గ్రాముల కందిపప్పులో 13, పిడికెడు (40 గ్రాముల) చెనగవిత్తనములలో 10, ఒక గ్రుడ్డులో 6, ఒక పెద్దగ్లాసు పాలలోనో పెరుగులోనో 8. కూడిన 64. ధాన్యములలో కొరవడిన లైసిన్ అను భాగము పప్పులలో నుండును, పప్పులలో కొరవడిన మెథియొనిన్ ధాన్యములలో నుండును. కావున సంగటియు పప్పును ఒకదానిలోటు నొకటి తీర్చును. గ్రుడ్డు తినని యింటివారు దానికి బదులు ఉలవగుగ్గిళ్లు పెట్టవచ్చును. 2024లో మన దేశమున అమ్ముడగు 36 రకముల పొడి డబ్బాలను వైద్యులు పరీక్షింపగా, వానిలో అధికభాగమునకు పైపట్టీమీది లెక్కయు లోపలి సరకును పొందలేదని తేలినది. అప్పు చేసి కొనిన డబ్బాలో ఏమున్నదో కొన్నవానికే తెలియదు. ముద్దలో ఏమున్నదో వండిన తల్లికి తెలియును.

కాని ఒక్క మాట. మొత్తముమీద తిండి చాలనప్పుడు ఎంత పప్పు పెట్టినను కండ పెరుగదు. కడుపు నిండనినాడు దేహము ఆ మాంసకృత్తులనే కాల్చి శక్తి తెచ్చుకొనును. ఇల్లు కట్టవలసిన దూలమును పొయ్యిలో పెట్టినట్లగును. కాబట్టి మొదట ముద్ద, తరువాత మిగిలినవి. తినవలసిన వేళలు కూడ ముఖ్యమే. పందెమునకు మూడు గంటల ముందు నిండుభోజనము ముగియవలెను. ఉదయపు సాధనకు అరగంట ముందు ఒక అరటిపండో, గ్లాసుడు రాగిజావయో, గుప్పెడు బొరుగులు బెల్లమో చాలును. సాధన ముగిసిన గంటలోగా సంగటియు పప్పును, లేక అన్నమును గ్రుడ్డును పడవలెను. ప్రొద్దుట ఇంటిలో వండువారు లేని పిల్లలకు రాత్రి నానబెట్టిన చెనగవిత్తనములును బెల్లపుముక్కయు ఏ పొయ్యియు అక్కరలేని ఉపాయము. అవ్వలకు ఈ సంగతి పిల్లలే చదివి వినిపింపవలెనని కోరుచున్నాము.

బాలికలను గూర్చి వేరుగా చెప్పవలసియున్నది. 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము మన దేశమున పదునైదు మొదలు పందొమ్మిదేండ్ల బాలికలలో నూటికి 59 మందికి రక్తహీనత గలదు. రక్తములోని ఇనుమే ప్రాణవాయువును మోయు బండి. బండ్లు చాలనప్పుడు గాదెలో ధాన్యమున్నను నిదానపు బేరము సాగదు. కొద్దిదూరమునకే ఆయాసము, తలతిరుగుట. అట్టి బాలికను "సోమరి" యనుట అన్యాయము. పాఠశాలలో వారమున కొకమారు ఇచ్చు ఇనుము, ఫోలికామ్లపు మాత్రను భోజనము తరువాత మ్రింగవలెను, కిటికీలోనుండి పారవేయరాదు. (పారవేసినవి తోటలో దొరకుచున్నవి.) ఈ ఫోలికామ్లమును 1945లో కృత్రిమముగా తయారుచేసిన శాస్త్రజ్ఞుల బృందమునకు నాయకులు ముందు చెప్పిన సుబ్బారావుగారే, స్ప్రూ యను వ్యాధి ఆయన సోదరులను బలిగొన్నది, ఆ వ్యాధికే యీ మందు పనికివచ్చినది. మునగాకు, తోటకూర, రాగులు, ఉలవలు ఇనుము గలవి. వానితోకూడ నిమ్మరసమో, ఉసిరికాయయో, జామపండో తిన్నచో ఆ యినుము బాగుగా ఒంటబట్టును. భోజనముతో టీ త్రాగినచో పట్టదు. గంట యాగి త్రాగవలెను.

ఆడపిల్లకు బరువులెత్తు సాధన యేల యని కొందరు తల్లులు అడిగిరి. శ్రీకాకుళము జిల్లా ఊసవానిపేటకు చెందిన కరణం మల్లీశ్వరిగారు 2000 సంవత్సరమున సిడ్నీలో 110, 130, వెరసి 240 కిలోలు ఎత్తి కాంస్యపతకము గెలిచి, ఒలింపిక్ పతకము పొందిన ప్రథమ భారతమహిళ యైరి. సంకనొకటి, తలపైనొకటి నీళ్లబిందెలు మోయు బాలికకు బస్కీలు క్రొత్తబరువు గావు. సరియైన తీరున ఎత్తుట నేర్చుకొన్నచో నడుమునొప్పి తగ్గును. తిండి తక్కువై సాధన ఎక్కువైనప్పుడు కొందరు బాలికలకు నెలసరి నిలిచిపోవుట గలదు. అది ఎముకలకు కీడు. అట్లైనచో సిగ్గుపడక తల్లితోనో, మా పాఠశాల ఉపాధ్యాయినులతోనో చెప్పి వైద్యురాలికి చూపించుకొనవలెను.

ఈ వయసువారికి రాత్రి ఎనిమిది మొదలు పది గంటల నిద్ర కావలెను. దుప్పటిలో సెల్‌ఫోను వెలుగుచుండగా చెడినదేదియు బాగుపడదు.

ఈ యేడు నుండి సాధనకు వచ్చు ప్రతి విద్యార్థియు ఒక పలుచని నోటుపుస్తకము తెచ్చుకొనవలెను. అందు తారీఖు, ఉదయపు నాడి, ఆనాటి పని, తిన్నది, నిద్రించిన గంటలు వ్రాయవలెను. నెలకొకమారు తూకము చూచి వ్రాయుదుము. నెలనెలకు బరువు తగ్గుచున్న బాలునకు చుట్లు తగ్గించి, ఇంటికి కబురు పంపుదుము. జ్వరము వచ్చిపోయినవారు కోలుకొన్న తరువాత మెల్లని నడకతో మొదలుపెట్టవలెను. పరుగులో రొమ్మునొప్పి వచ్చినవాడును, స్పృహ తప్పినవాడును, ఉబ్బసము గలవాడును, ఇంటిలో చిన్నవయసున గుండెజబ్బుతో మరణించినవారు గలవాడును ముందుగా డాక్టరుగారికి చూపించుకొని చీటి తేవలెను. ఆ చీటి వచ్చువరకు వారు గీతవద్ద నిలుచుండి, గడియారము పట్టి తక్కినవారి చుట్లు లెక్కించు పని చేయుదురు.